సామర్థ్యం ఒకటి, ఖాళీ ఒకటి

ఎర్రవాగుపల్లె ప్రజలకు, చుట్టుపక్కల గ్రామాల వారికి, కోరుట్ల నుంచి జగిత్యాలకు పోతూ ఆ ఊరి దగ్గర చాయ్ కోసం బండి ఆపే బాటసారులకు ముందుగా ఒక శుభవార్త. ఈ ఊళ్ళో చనిపోయినవారందరూ ప్రస్తుతం నిబంధనల ప్రకారమే ఉన్నారు. మధ్యలో ఒక్క ఉల్లంఘన జరిగిన మాట నిజమే. దాన్ని అధికారులు ఏడు రోజుల్లో సరిచేయించారు. ఉల్లంఘించిన వ్యక్తి పేరు కొమురవ్వ, వయసు డెబ్బై ఎనిమిది, వృత్తి కూలి. ఆమె చేసిన నేరం సొంత భూమిలో పడుకోవడం.

కొమురవ్వ బతికినన్నాళ్ళూ ఇలాంటి పని చెయ్యలేదు. ఆమె బతుకంతా పరాయివాళ్ళ పొలాల్లోనే గడిచింది. నాట్లు వేసింది, కలుపు తీసింది, మక్క కంకులు విరిచింది, పసుపు తవ్వింది. ఒడ్డు మీద కూర్చుని సద్ది మూట విప్పగానే "లెవ్వు, గాడ కూసోకు" అని ఎవరో ఒకరు అనేవారు. బస్సులో సీటు దొరికితే పక్కన నిలబడ్డ పెద్దమనిషి లేపేవాడు. రేషన్ షాపు అరుగు మీద, పెళ్ళి పందిట్లో కుర్చీలో, ఆఖరికి ఆస్పత్రి బల్ల మీద కూడా కాస్త కుదురుకునే సరికి లేవమన్నారు. ఆమె మోకాళ్ళ నొప్పులు అందుకే వచ్చాయని డాక్టర్ అనలేదు గానీ, కొడుకు రాజం మాత్రం గట్టిగా నమ్మేవాడు.

మంచాన పడ్డాక ఆమె కొడుకును అడిగింది ఒక్కటే. "కొడుకా, నన్ను ఎవ్వలు లెవ్వు అననికాడ పండవెట్టు."

రాజం దగ్గర అలాంటి జాగ ఒకటి అప్పటికే ఉంది. ఇరవై ఏళ్ళుగా గంగయ్య దగ్గర పనిచేస్తూ, కూతురు దీవెన జీతం కూడా కలుపుకుని, రోడ్డు పక్కన పది గుంటల రాళ్ళ నేల కొన్నాడు. అమ్మింది గంగయ్యే. గంగయ్య ఆ ఊరి మాజీ సర్పంచ్. మాజీ అన్న మాట ఆయన విజిటింగ్ కార్డు మీద, అదీ కళ్ళద్దాలు ఉన్నవాళ్ళకు మాత్రమే, కనిపిస్తుంది. అమ్మిన రోజుల్లో ఆ నేలను చూసి మేకలు కూడా మొహం తిప్పుకునేవి. పాసుబుక్కు ఇంటికి వచ్చిన రోజు కొమురవ్వ దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, "గీండ్ల రాళ్ళు కనవడ్తలేవేందిరా" అని అడిగింది.

ఆమె పోయాక రాజం ఆ పది గుంటల్లోనే, రోడ్డు వైపు మూలన, దక్షిణానికి తల పెట్టి పూడ్చాడు. వాళ్ళలో కాల్చే ఆచారం లేదు. ఎన్నడో సర్కారు పంచిపెట్టిన బతుకమ్మ చీర ఒకటి, సిరిసిల్ల మగ్గాల మీద నేసింది, కట్టుకుంటే మాసిపోతుందని ఆమె పెట్టెలో దాచుకుంది. అదే కప్పారు. మట్టి దిబ్బ చుట్టూ నాలుగు రాళ్ళు, నెత్తిన ఒక బంతి మొక్క. అంతే ఆర్భాటం. సాయంత్రం రాజం దిబ్బ పక్కన కూర్చుంటే అతన్ని కూడా ఎవరూ లేవమనలేదు. అమ్మ పోయిన దుఃఖం అలాగే ఉంది, కానీ ఒక మాట నిలబెట్టుకున్నానన్న సంతోషం కూడా ఉంది. పేదవాడికి ఈ రెండూ ఒకేసారి దొరకడం అరుదు కాబట్టి అతనది బాగానే అనుభవించాడు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఈలోగా ఎర్రవాగుపల్లె అభివృద్ధి చెందింది. అంటే రాజం పది గుంటల వెనక గంగయ్య వెంచర్ వేశాడు. దాని పేరు గోల్డెన్ విల్లాస్ ఫేజ్ టూ. ఫేజ్ వన్ ఎక్కడుందని అడిగినవాళ్ళకు అది అయిపోయిందని చెప్పేవారు. ప్లాట్లు చూడ్డానికి కోరుట్ల నుంచి, జగిత్యాల నుంచి కార్లలో జనం వచ్చారు. దిగారు, గాలి పీల్చారు, బాగుందన్నారు. మట్టి దిబ్బ చూశారు. అదేమిటన్నారు. చెప్పగానే పీల్చిన గాలి వదిలేసి కారెక్కారు.

గంగయ్య రాజాన్ని పిలిపించి మర్యాదగానే మాట్లాడాడు. "రాజం, మీ అవ్వ నాకు అవ్వ లెక్కనే. గా దిబ్బ తీసి ఎటన్న ఎనకకు జరుపు. గేటు మొగదల పీనుగ ఉంటే లక్ష్మి అస్తదారా?"

"సర్పంచ్ సాబ్, నా జాగలనే ఉన్నది గదా మా అవ్వ. ఎవ్వలకు అడ్డం లేదు."

"నీ జాగనే. నేనెప్పుడు కాదన్న? గని ఊరు బాగు సూడాలె గదా."

ఊరి బాగు చూడటానికి మర్నాటికే ఒక పిటిషన్ తయారైంది. కొమురవ్వ వల్ల భూగర్భజలం కలుషితం అవుతోందని, పిల్లలు జడుసుకుంటున్నారని, ప్రగతి కుంటుపడుతోందని అందులో రాశారు. నలభై మంది సంతకాలు పెట్టారు. వారిలో ఇద్దరు చనిపోయి మూడేళ్ళవుతోంది. సాటి మృతురాలి మీద ఫిర్యాదు చెయ్యడం వాళ్ళకు తగునా అని రాజం బాధపడ్డాడు గానీ, ఊరి బాగు ముందు వాళ్ళు బంధుత్వం చూసుకోలేదు.

ఏడుగురు సభ్యుల విచారణ కమిటీ వచ్చింది. టేపుతో దిబ్బ పొడవు, వెడల్పు కొలిచింది. లోతు రాజాన్ని అడిగి రాసుకుంది. ఆక్రమణదారు పేరు కొమురవ్వ అనీ, ప్రస్తుత చిరునామా అదే స్థలం అనీ, విచారణకు హాజరయ్యారా అన్న గడిలో హాజరయ్యారు గానీ సమాధానం ఇవ్వలేదు అనీ నింపారు. భూమి ఎవరిదని అడిగితే రాజం పాసుబుక్కు చూపించాడు. పెద్ద అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, భూమి మీదే కానీ అందులో మీ అమ్మను పెట్టుకోవడానికి అనుమతి లేదని వివరించాడు. మక్కలు పెట్టుకోవచ్చు, పసుపు పెట్టుకోవచ్చు, కోళ్ళ షెడ్డు పెట్టుకోవచ్చు. అమ్మకు మాత్రం కాగితం కావాలి.

మధ్యాహ్నం కావడంతో కమిటీ పక్కనే ఉన్న స్మృతివనంలో భోజనానికి కూర్చుంది.

ఈ స్మృతివనం గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. అది గంగయ్య తండ్రి లింబయ్య సమాధి. నాలుగెకరాల తోట, నడుమ పాలరాతి మండపం, చుట్టూ పూల మొక్కలు, తాగడానికి చల్లటి బోరు నీళ్ళు. ఆ నాలుగెకరాలు సర్కారు భూమి. ఒకప్పుడు ఊరి గొర్లు మేసేవి. లింబయ్య పోయిన ఏడాదిలోపే అక్కడ మండపం లేచింది, రిబ్బన్ కట్ చెయ్యడానికి పెద్దలు వచ్చారు, గొర్లు వెళ్ళిపోయాయి. ఇప్పుడు దిబ్బను కొలిచిన ఏడుగురిలో నలుగురు ఆనాడు రిబ్బన్ పట్టుకున్నవారే.

మండపానికి పునాది తవ్వింది రాజం. మొక్కలకు నీళ్ళు పట్టేదీ, ఊడ్చేదీ, తాళం చెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేదీ రాజమే. అందువల్ల ఊళ్ళో ఎవరికీ తెలియని సంగతి ఒకటి అతనికి తెలుసు. ఆ సమాధిలో ఎవరూ లేరు. లింబయ్యను ధర్మపురిలో గోదావరి ఒడ్డున దహనం చేశారు, అస్థికలన్నీ గోదావరిలోనే కలిపారు. తిరిగొచ్చాక గానీ గంగయ్యకు సమాధి ఆలోచన రాలేదు. కనీసం తండ్రి కళ్ళద్దాలైనా లోపల పెడదామని తెచ్చారు. ఫ్రేము మంచిది కావడంతో గంగయ్య పెట్టుకుని చూశాడు, సరిపోయాయి. ఇప్పటికీ ఆయన పేపరు చదివేది వాటితోనే.

పాలరాతి ఫలకం మీద మాత్రం "చెమటనే నమ్ముకుని, మట్టినే ప్రేమించిన శ్రమజీవి ఇక్కడ శాశ్వత విశ్రాంతి తీసుకొనుచున్నారు" అని చెక్కించారు. రాళ్ళు చెక్కే ఆయన తన నమూనా పుస్తకంలో చూపించిన వాక్యాల్లో అది పొడవైనది. లింబయ్య పొలంలో కాలు పెట్టగా చూసినవారు ఊళ్ళో లేరు, కానీ చెక్కిన మాటను ఎవరు తుడుస్తారు?

కొమురవ్వ మీద రిపోర్టు రాగానే దీవెనకు కోపం వచ్చింది. ఆమె మండలాఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ సెంటర్లో పనిచేస్తుంది. ఆఫీసు ప్రింటర్ ఎప్పుడూ బాగుండదు కాబట్టి ఆఫీసు కాగితాలన్నీ ఆమె చేతుల మీదుగానే లోకంలోకి వస్తాయి. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఒక దరఖాస్తు తనే టైపు చేసి తనే ఇచ్చింది. అనుమతి లేని సమాధి మా నాయనమ్మది ఒక్కటేనా, స్మృతివనానికి ఏ అనుమతి ఉందో చెప్పమని అడిగింది.

చట్టం ముందు అందరూ సమానులే కాబట్టి అదే కమిటీ మళ్ళీ వచ్చి స్మృతివనాన్ని కూడా విచారించింది. ఈసారి టేపు తేలేదు. గంగయ్య ధర్మపురిలో దహనం చేసినట్టు రసీదు జతచేసి, లోపల ఎవరూ లేరని రాతపూర్వకంగా ఇచ్చాడు. ఆ ఒక్క కాగితంతో ధర్మసందేహం తీరిపోయింది. శవం లేదు కాబట్టి ఖననం లేదు, ఖననం లేదు కాబట్టి ఉల్లంఘన లేదు. మనిషి లేని సమాధి సక్రమం, మనిషి ఉన్న సమాధి అక్రమం. సర్కారు భూమి సంగతి రాయడానికి రిపోర్టులో గడి లేదు.

అయినా మళ్ళీ ఎవరూ వేలెత్తి చూపకుండా ఏదైనా ఒక అనుమతి ఇచ్చేద్దామని పై నుంచి సలహా వచ్చింది. స్మారక మండపానికి అనుమతి ఇచ్చే ఫారం ఆఫీసులో లేదు. ఉన్నది ప్రైవేటు ఖనన స్థలానికి అనుమతి ఇచ్చే ఫారం ఒక్కటే. లేని ఫారం కోసం ఉన్న పని ఆపడం పద్ధతి కాదు కాబట్టి దాన్నే నింపారు. సామర్థ్యం: ఒకటి. ప్రస్తుతం ఉన్నవారు: లేరు. ఖాళీ: ఒకటి. గంగయ్య ఆ కాగితాన్ని చదవలేదు, గుండ్రటి ముద్ర ఉందో లేదో చూసుకున్నాడు. నాలుగెకరాల మీద సర్కారు ముద్ర పడటం కంటే ఆయనకు కావలసింది ఏముంది? ఫ్రేము కట్టించి ఇంట్లో గోడకు తగిలించాడు.

ఆ రోజే రాజానికి కూడా ఉత్తర్వు వచ్చింది. ఏడు రోజుల్లోగా కొమురవ్వను అనుమతి పొందిన ఖనన స్థలానికి తరలించాలి, లేనియెడల చట్టపరమైన చర్యలు తీసుకోబడును. రెండు కాగితాలూ టైపు చేసింది దీవెనే.

రాజం ఆ ఉత్తర్వు ముందు కూలబడ్డాడు. ఊరి వైకుంఠధామంలో రంగులేసిన ఆర్చి ఉంది, స్నానాల గదులున్నాయి, కాల్చడానికి రెండు గద్దెలున్నాయి. గద్దెల మీద ఊరివాళ్ళు మక్కలు ఎండబోసుకుంటారు. పూడ్చడానికి మాత్రం జానెడు జాగ లేదు. వెనక మిగిలింది వాగు. వానాకాలంలో అక్కడ పెట్టినదేదీ అక్కడ ఉండదు. చచ్చి కూడా అవ్వ లేచి పోవాల్సిందేనా అని అతనికి ఏడుపొచ్చింది.

దీవెన రెండో కాగితం కూడా తండ్రి ముందు పెట్టింది.

"బాపూ, ఒక్కపారి గిది సూడు. మండలంల అనుమతి ఉన్న జాగ ఒక్కటే ఉన్నది. గది గూడ ఖాళీ ఉన్నది."

రాజానికి చదువు రాదు. ఆమె చదివి వినిపించింది. రెండోసారి కూడా చదవమన్నాడు. తర్వాత మొలతాడుకున్న తాళం చెవిని చేత్తో తడుముకున్నాడు.

పద్ధతి తప్పడం అతనికి ఇష్టం లేదు. అందుకే పొద్దున్నే పంచాయతీ సెక్రటరీ ఊర్మిల దగ్గరకు వెళ్ళాడు. ఆమె హరితహారం మొక్కల ఫోటోలు యాప్‌లో ఎక్కిస్తోంది. ఎండిపోయిన మొక్కను పచ్చగా కనపడేటట్టు ఏ కోణంలో తియ్యాలా అని చూస్తోంది.

"మేడం, అవ్వను యాడికి తీస్కపోవాలె?"

"ఆర్డర్ల రాసి ఉంది గద రాజం. అనుమతి ఉన్న స్థలానికి."

"అనుమతి ఉన్నది ఒక్కటే ఉన్నది మేడం."

"ఒక్కటుంటే ఒక్కదాంట్లనే పెట్టు. నన్నెందుకు అడుగుతవ్? అయినంక ఫోటో తీసి పంపు, లొకేషన్ ఆన్ చేసి."

తర్వాత గంగయ్య దగ్గరకు వెళ్ళాడు. ఆయన అప్పుడే కుటుంబ సమేతంగా, అనుచర సమేతంగా కొండగట్టుకు బయల్దేరుతున్నాడు. వెంచర్ బ్రోచర్లు అంజన్న పాదాల దగ్గర పెట్టించాలి. కారెక్కుతూ రాజానికి పని పురమాయించాడు. వచ్చే నెలలోనే లింబయ్య వర్ధంతి, పెద్దలు వస్తారు. మండపంలో ఫలకం ఒక పక్కకు కుంగింది.

"లోపల బోలుగ ఉన్నదిరా, గందుకే కుంగుతంది. ఫలకం లేపి మంచిగ నింపు. మల్ల కుంగద్దు."

"నింపుత సాబ్. మల్ల కుంగది."

యజమాని మాట జవదాటే మనిషి కాదు రాజం. పట్టపగలు, నలుగురు దాయాదులను తోడు తీసుకుని, పది గుంటల మూలకు వెళ్ళాడు. గడ్డపార చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టాడు. ఊరంతా ఆమెను జీవితాంతం అన్న మాటను ఇప్పుడు కడుపున పుట్టిన కొడుకు అనాలి. అంతకన్నా పాపం ఉంటుందా అనిపించింది. దిబ్బ మీద చెయ్యి పెట్టి గట్టిగానే చెప్పాడు.

"అవ్వా, ఒక్కపారి లెవ్వు. గిదే ఆఖరు. మల్ల ఎవ్వలు అనరు."

చీర చెక్కుచెదరలేదు. జరీ అంచు ఎండకు మెరిసింది. దాంట్లోనే చుట్టి మోసుకెళ్ళారు. స్మృతివనం గేటు తాళం తీసి, ఫలకం లేపి, యజమాని చెప్పినట్టు మంచిగా నింపారు. దక్షిణానికి తల పెట్టడం మరిచిపోలేదు. పైన మట్టి దిమ్మిస కొట్టి ఫలకం పరిచారు. మట్టపు గొట్టం పెట్టి చూస్తే నీటి బుడగ సరిగ్గా నడుమ నిలబడింది. దీవెన లొకేషన్ ఆన్ చేసి ఫోటో తీసింది. ఫోటోలో ఒక రాతి మూల, దాని పక్కన దిబ్బ మీది నుంచి తెచ్చి నాటిన బంతి మొక్క ఉన్నాయి. యాప్ ఆ స్థలాన్ని తన జాబితాతో సరిచూసుకుని ఆకుపచ్చ గుర్తు వేసింది. సాయంత్రానికి ఊర్మిల మేడం ఫైలు మూసేసింది. ఉత్తర్వును గడువులోగా, ఎలాంటి అల్లర్లు లేకుండా అమలు చేసినందుకు కమిటీకి పైనుంచి ప్రశంస కూడా వచ్చిందట.

దిబ్బ పోవడంతో గోల్డెన్ విల్లాస్‌కు కళ వచ్చింది. కార్లు తిరిగి వచ్చాయి. రాజం తన పది గుంటల్లో పసుపు వేసుకున్నాడు, అమ్మమంటే అమ్మలేదు. గంగయ్య కూడా ఎక్కువ పట్టుపట్టలేదు. ఎందుకంటే బ్రోచర్‌లో కొత్త వాక్యం ఒకటి చేరింది. స్మృతివనం ఎదురుగా ఉన్న ప్లాట్లకు ప్రత్యేక ధర. చల్లటి గాలి, పూల తోట, పుణ్యాత్ముడి సన్నిధి. కొమురవ్వకు వంద గజాల దూరంలో ఉండలేమని కారెక్కినవాళ్ళే ఇప్పుడు ఆమె ఎదురుగా గుమ్మం పెట్టుకోవడానికి ఒకరితో ఒకరు పోటీపడి ఎక్కువ ఇచ్చారు. వాస్తు చూసిన పంతులు కూడా ఆ దిక్కు నుంచి మంచి ప్రకంపనలు వస్తున్నాయని చెప్పాడు.

వర్ధంతి రోజు వచ్చింది. షామియానాలు వేశారు, మైకులు కట్టారు, సిరిసిల్ల నుంచి శాలువాలు తెప్పించారు. ఊరంతా వచ్చింది. కమిటీ ఏడుగురూ వచ్చారు. ముందు వరసలో కూర్చున్నారు. రాజం చీపురు పక్కన పెట్టి, మండపం స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

గంగయ్య తండ్రి కళ్ళద్దాలు పెట్టుకుని ప్రసంగం చదివాడు.

"సోదర సోదరీమణులారా! ఈ సమాధిలో నిద్రిస్తున్న మహనీయ వ్యక్తి తన జీవితంలో ఏనాడూ పరుల సొమ్ము ఆశించలేదు. ఎండనక, వాననక ఈ ఊరి మట్టిలో చెమటోడ్చారు. తాము తినకపోయినా పదిమందికి అన్నం పండించారు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఈ గ్రామంలో ప్రతి గడపా వారికి రుణపడి ఉంది!"

ఏటా చదివే ప్రసంగమే. కానీ ఎర్రవాగుపల్లె చరిత్రలో ఒక సభలో మైకు ముందు చెప్పిన ప్రతి మాటా నిజం కావడం అదే మొదటిసారి. ఒక్కో వాక్యానికీ రాజం తల ఊపాడు. గడప గడపా రుణపడి ఉందన్న దగ్గర ఆపుకోలేక బోరున ఏడ్చాడు. గంగయ్య అది చూసి కరిగిపోయాడు. ఇరవై ఏళ్ళు ఉప్పు తిన్న మనిషికి ఎంత విశ్వాసమో చూడండని మైకులో చెప్పి, రాజానికి శాలువా కప్పాడు. ఇకమీదట ఈ సమాధి మీద ఈగ కూడా వాలకుండా చూసుకునే బాధ్యత నీదేనని అందరి ముందు అప్పగించాడు. తర్వాత వంగి, ఫలకానికి నుదురు ఆనించి మొక్కాడు. ఆయన వెనక కమిటీ మొక్కింది. కమిటీ వెనక, పిటిషన్ మీద సంతకం పెట్టినవాళ్ళు చెప్పులు విడిచి వరస కట్టారు. కొమురవ్వను ఒడ్డు మీద నుంచి, బస్సు సీట్లోంచి, పెళ్ళి కుర్చీలోంచి లేపినవాళ్ళు ఒక్కొక్కరుగా వంగి ఆమె పాదాల దగ్గర పూలు పెట్టారు.

దాయాదులు నలుగురు, వాళ్ళ ఇళ్ళల్లో నలుగురు. అలా మెల్లగా ఈ సంగతి ఊళ్ళో సగం మందికి తెలిసింది. గంగయ్యకు కూడా తెలిసిందని, అందుకే ఆయన పేపరు చదువుతూ మధ్యలో ఆగిపోతున్నాడని అంటున్నారు. తెలిస్తే మాత్రం ఏం చెయ్యగలడు? ఆమెను బయటికి తియ్యాలంటే ఇన్నేళ్ళూ ఖాళీ రాయికి మొక్కించానని ఆయన ఊరికి చెప్పాలి. సర్కారు భూమిలో ప్రైవేటు ఖననానికి ముద్ర వేశామని ఆఫీసు చెప్పాలి. చూడకుండానే ఫైలు మూశానని ఊర్మిల మేడం చెప్పాలి. ఎక్కువ ధర పెట్టి కూలి మనిషి సమాధి ఎదురుగా ఇల్లు కట్టుకున్నామని ప్లాట్లవాళ్ళు చెప్పాలి. ఆ దారిన పోతూ బస్సు కిటికీలోంచి పాలరాతి మండపానికి దండం పెట్టుకున్న మీరు కూడా, ఆ దండం ఎవరికి పెట్టారో చెప్పాలి.

కొమురవ్వను ఇప్పుడు లెవ్వు అనాలంటే, ముందు వీళ్ళలో ఒక్కరైనా లేచి నిలబడి నిజం చెప్పాలి. ఇవ్వాళ్టి వరకు ఎవరూ లేవలేదు.